జాబితా ఇవ్వకండి, పుస్తకం తీయకండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కాలేజీ లైబ్రరీలో చేరి ఏడాదిన్నర అయిందన్నారు. వెలవెలబోతున్న చదువు గదికి విద్యార్థులను రప్పించాలని, ఏదో ఒక కాలంలో ఎక్కడో ఒకచోట నిషేధానికి గురైన పుస్తకాలతో ఒక ప్రదర్శన పెట్టారు. విద్యార్థులు వచ్చారు. బల్ల మీది పుస్తకాల్లో సగం ఇళ్లకు వెళ్లాయి. నాలుగో రోజున ఒక విద్యార్థి తండ్రి వచ్చి అభ్యంతరం చెప్పారు. ప్రిన్సిపల్ గారు మిమ్మల్ని పిలిచి రెండు పనులు అప్పగించారు. ఆ తండ్రి చెప్పిన రెండు పుస్తకాలను అరల్లోంచి తీసేయాలి. ప్రదర్శనలోని పుస్తకాలు ఎవరెవరు తీసుకువెళ్లారో పేర్ల జాబితా ఇవ్వాలి. ఇప్పుడేం చేయాలి, ఇకమీదట ఇలాంటి కార్యక్రమాలు మానుకోవాలా అని మీ ప్రశ్న.

నేను ముప్పై ఏళ్లకు దగ్గరగా కాలేజీ లైబ్రరీల్లోనే పనిచేశాను. కాబట్టి సూటిగా చెబుతాను. జాబితా ఇవ్వకండి. పుస్తకాలు తీయకండి. కార్యక్రమాలు మానకండి. ఈ మూడింటిలో మొదటిది అన్నింటికంటే పెద్దది. ఈరోజు తీసిన పుస్తకాన్ని వచ్చే ఏడాది మళ్లీ అరలో పెట్టుకోవచ్చు. పేర్లు ఒక్కసారి బయటికి వెళితే వెనక్కి రావు. ఆ పిల్లలు మళ్లీ మీ కౌంటర్ ముందు నిలబడి మనసులో ఉన్న పుస్తకం అడగరు. వాళ్లకు జరిగింది చూసిన మిగతావాళ్లూ అడగరు.

ఈ సంగతి నాకు నేర్పింది ఒక రెండో సంవత్సరం విద్యార్థిని. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. ఆ అమ్మాయి ప్రతి మధ్యాహ్నం వచ్చి, కిటికీకి దూరంగా ఉన్న రెండు ర్యాకుల మధ్య నిలబడి చదివేది. మూడో రోజున ఒక స్టూలు తెచ్చి అక్కడ పెట్టాను. కూర్చోలేదు. ఎవరి అడుగుల చప్పుడైనా వినిపిస్తే పుస్తకం అరలో పెట్టేసి పక్క పుస్తకం తీసేది. వారం గడిచాక ఉండబట్టలేక, "ఇంటికి తీసుకువెళ్లి చదువుకోవచ్చు కదమ్మా" అన్నాను. మాట్లాడకుండా పుస్తకం వెనక అట్ట తెరిచి, దానికి అంటించిన జేబులోంచి కార్డు బయటికి లాగి చూపించింది. కార్డు మీద వరసగా తేదీలు, ప్రతి తేదీ పక్కన తీసుకున్నవారి నంబరు. "నా తర్వాత తీసుకునేవాళ్లకు నా నంబరు కనిపిస్తుంది కదండీ" అంది. ఆ పుస్తకం మానసిక కుంగుబాటు గురించినది. ఇంట్లో ఎవరికో బాగాలేదో, తనకే బాగాలేదో నాకు తెలియదు. నేను అడగలేదు, అడగకూడదు కూడా.

ఆ కార్డు పద్ధతిని మా వృత్తిలో న్యూఆర్క్ పద్ధతి అంటారు. పుస్తకం కార్డు మీద తీసుకున్నవారి నంబరు రాస్తారు, పుస్తకం తిరిగి వచ్చాక ఆ కార్డు మళ్లీ పుస్తకంలోకే పోతుంది. అంటే ప్రతి పుస్తకం తనను చదివినవాళ్ల చిట్టాను పొట్టలో పెట్టుకుని తిరుగుతుందన్నమాట. దానికంటే ముందే నీనా బ్రౌన్ అనే అమెరికన్ లైబ్రేరియన్ రూపొందించిన పద్ధతి ఒకటుంది. అందులో పాఠకుడి దగ్గర చిన్న జేబు లాంటి టికెట్లు ఉంటాయి. పుస్తకం తీసుకున్నప్పుడు పుస్తకం కార్డును ఆ టికెట్‌లో దూర్చి, గడువు తేదీ వరసలో ట్రేలో ఉంచుతారు. పుస్తకం తిరిగి రాగానే కార్డు పుస్తకంలోకి, టికెట్ మనిషి చేతికి. ఆ రెండూ విడిపోయిన క్షణంలో, ఎవరు ఏం చదివారన్న గుర్తు లోకంలో ఎక్కడా మిగలదు. పుస్తకం బయట ఉన్నంతసేపు ఎవరి దగ్గర ఉందో తెలుస్తుంది, వచ్చేశాక తెలియదు. లైబ్రరీ నడవడానికి అంతకుమించి ఒక్క అక్షరం అవసరం లేదు. నేను ఆ సెలవుల్లో కూర్చుని మా లైబ్రరీని బ్రౌన్ పద్ధతికి మార్చాను. అంతవరకు కార్డుల మీద ఉన్న నంబర్లన్నీ నల్ల సిరాతో కొట్టేయడానికి మూడు వారాలు పట్టింది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పాత ట్రే తనంతట తానే మరిచిపోయేది. కంప్యూటర్‌కు మరవడం మనం నేర్పాలి. నేర్పకపోతే అయిదేళ్ల కిందటి ఇష్యూ కూడా పేరుతో సహా చెబుతుంది. మీ ప్రిన్సిపల్ గారు జాబితా అడగగలిగారంటే, ఆ జాబితా మీ దగ్గర ఉంది కాబట్టే. మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పలేదు. న్యూజిలాండ్‌లో పుట్టి చాలా దేశాల కాలేజీలకు చేరిన కోహా అయితే, అందులో దీనికి ఏర్పాటు ఉంది. తాను తీసుకున్న పుస్తకాల చరిత్రను ఎప్పటికీ ఉంచాలా, లైబ్రరీ పెట్టిన గడువు వరకే ఉంచాలా, తిరిగి ఇచ్చిన వెంటనే చెరిపేయాలా అన్నది పాఠకుడే ఎంచుకునే వీలు కల్పించవచ్చు. చెరిపినప్పుడు ఆ ఇష్యూలన్నీ పేరు లేని ఒక ఉత్తుత్తి ఖాతా కిందకి వెళతాయి. పుస్తకం ఎన్నిసార్లు బయటికి వెళ్లిందన్న లెక్క మాత్రం చెక్కుచెదరదు. ఏటా నివేదికకు మీకు కావలసింది ఆ లెక్కే, పేర్లు కావు. చివరగా తీసుకున్నవారి పేరును దాచి ఉంచే సెట్టింగు వేరేగా ఉంటుంది, దాన్నీ చూసుకోండి. వేరే సాఫ్ట్‌వేర్ అయితే అమ్మినవారిని రాతపూర్వకంగా అడగండి.

కంప్యూటర్ ఒక్కటే కాదు, చదువు జాడలు మనకు తెలియకుండా చాలాచోట్ల పడి ఉంటాయి. గడువు దాటినవారి జాబితాను పుస్తకాల పేర్లతో సహా నోటీసు బోర్డు మీద అంటించే అలవాటు ఎన్నో కాలేజీల్లో ఉంది. పేరు, పక్కన పుస్తకం, మొత్తం కాలేజీ చదువుకునేలా! రిజర్వు చేసిన పుస్తకాల మీద పూర్తి పేరు రాసిన చీటీ బయటికి కనిపించేలా పెడతారు. చదువు గదిలోని కంప్యూటర్లలో ముందు కూర్చున్నవాళ్లు వెతికిన మాటలు తర్వాత కూర్చున్నవాళ్లకు ప్రత్యక్షమవుతాయి. ప్రింటర్ దగ్గర ఎవరూ తీసుకోని కాగితాలు సాయంత్రం దాకా పడి ఉంటాయి. కౌంటర్‌లో కూర్చున్నవారు పుస్తకం పేరు పైకి చదివి, "ఇదా నువ్వు చదివేది!" అంటారు. ఈ చివరిది అన్నింటికంటే ఎక్కువ హాని చేస్తుందని నా నమ్మకం. సాఫ్ట్‌వేర్‌ను ఒక పూటలో సరిచేయవచ్చు. కౌంటర్‌లో మనిషి ముఖం మీద కదిలే ఆశ్చర్యాన్ని సరిచేయడానికి ఏళ్లు పడుతుంది. మీ సిబ్బందితో కూర్చుని మాట్లాడండి. గర్భధారణ గురించి అయినా, దేవుడు లేడనే వాదమైనా, ఉన్నాడనే వాదమైనా, నేరాల కథ అయినా, పుస్తకం ఇచ్చేటప్పుడు ముఖం ఒకేలా ఉండాలి.

ఇక ప్రిన్సిపల్ గారితో మాట్లాడే విషయం. ఆయనను ఎదిరిస్తున్నట్టు వెళ్లకండి. ఆయన మీద ఒత్తిడి ఉంది, ఆ తండ్రికి ఏదో ఒకటి చెప్పాలి, మీరు ఆయనకు చెప్పడానికి ఒక మాట ఇవ్వాలి. ఇలా రాసి తీసుకువెళ్లండి: "పాఠకులు ఏ పుస్తకాలు తీసుకున్నారన్నది గోప్యంగా ఉంచడం లైబ్రేరియన్ వృత్తిధర్మం. ఆసుపత్రిలో రోగి వివరాలు ఎలా ఉంచుతారో ఇవీ అలాగే. అభ్యంతరం వచ్చిన రెండు పుస్తకాలను పరిశీలించడానికి ఒక సంఘాన్ని వేయమని కోరుతున్నాను. పరిశీలన ముగిసేవరకు పుస్తకాలు అరల్లోనే ఉంటాయి. ఫలితాన్ని అభ్యంతరం చెప్పినవారికి రాతపూర్వకంగా తెలియజేస్తాం." అయిదే వాక్యాలు. నోటిమాటగా అడిగినదానికి కాగితం మీద జవాబు ఇవ్వడంలో ఒక మేలుంది. అడిగినవారు కూడా ఒక్క క్షణం ఆగి, తాము అడిగింది కాగితం మీద పెట్టగలమా అని ఆలోచిస్తారు. నా అనుభవంలో సగం సందర్భాల్లో జాబితా సంగతి అక్కడితో ముగిసిపోయింది.

ఈ గోప్యత మనం సొంతంగా కల్పించుకున్న పట్టింపు కాదు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939లో ఆమోదించిన వృత్తి నియమావళిలోనే, పాఠకుల గురించి మనకు తెలిసిన సొంత విషయాలను రహస్యంగా ఉంచాలని ఉంది. ఆ మాటను నిలబెట్టుకోవడం ఒక్కోసారి ఎంత కష్టమో 2005లో కనెక్టికట్ రాష్ట్రంలో కనబడింది. పాఠకుల కంప్యూటర్ వాడకం వివరాలు ఇవ్వమని, అడిగిన సంగతి ఎవరికీ చెప్పవద్దని ప్రభుత్వ దర్యాప్తు సంస్థ నుంచి లేఖ వచ్చింది. నలుగురు లైబ్రేరియన్లు ఇవ్వలేదు, కోర్టుకు వెళ్లారు. తామే ఆ కేసు వేసినవాళ్లమని నెలల తరబడి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేని స్థితిలో ఉండి పోరాడారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ నోరు నొక్కే ఆంక్షను వదులుకుంది, వివరాల కోసం పట్టుబట్టడమూ మానుకుంది. మీ ఎదుట ఉన్నది అంత పెద్ద పరీక్ష కాదు. న్యాయస్థానం నుంచి రాతపూర్వకమైన ఉత్తర్వు వస్తే అది వేరే సంగతి, అప్పుడు మీరు ఒంటరిగా నిర్ణయించకుండా కాలేజీ న్యాయ సలహాదారును కలవాలి. మీ దేశపు చట్టమే నిషేధించిన పుస్తకం అయినా అంతే. ఇక్కడ ఆ రెండూ లేవు. ఉన్నది ఒక తండ్రి ఆందోళన, ఒక అధికారి నోటిమాట.

ఆ తండ్రిని శత్రువుగా చూడకండి. కూర్చోబెట్టండి, ఆయన చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో వాదించకండి. చాలామంది కోరుకునేది తమ మాట ఎవరైనా వినాలనే. విన్నాక ఒక చిన్న పత్రం ఇవ్వండి. పుస్తకం మొత్తం చదివారా, ఏ భాగం అభ్యంతరకరం, ఎందుకు, ఏం జరగాలని కోరుతున్నారు అన్న నాలుగు ప్రశ్నలు చాలు. ఆయన బిడ్డ ఏం చదవాలన్నది వాళ్లిద్దరూ తేల్చుకోవలసిన విషయం. ఆ బిడ్డతో పాటు చదివే మిగతావాళ్లు ఏం చదవాలన్నది ఆయన చేతిలో లేదు. ఈ మాట మెత్తగా చెప్పవచ్చు, కానీ చెప్పి తీరాలి.

పరిశీలన సంఘంలో ముగ్గురు నుంచి అయిదుగురు ఉంటే బాగుంటుంది. మీరు, ఆ విషయం బోధించే అధ్యాపకులు, దానితో సంబంధం లేని మరొక అధ్యాపకులు, వీలైతే ఒక విద్యార్థి ప్రతినిధి. పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాళ్లే ఓటు వేయాలి. గీతలు గీసి తెచ్చిన పేజీలు చూసి నిర్ణయించకూడదు. అమెరికా సుప్రీంకోర్టు 1982లో ఒక పాఠశాల లైబ్రరీ కేసులో తీర్పు చెప్పింది. పాలకమండలి కొన్ని పుస్తకాలను తీసివేస్తే, స్టీవెన్ పికో అనే విద్యార్థి, అతనితో పాటు మరికొందరు కోర్టుకు ఎక్కారు. న్యాయమూర్తులు చీలిపోయారు, అయినా తీర్పులోని ప్రధానాభిప్రాయం స్పష్టంగానే ఉంది: పుస్తకంలోని భావాలు నచ్చనందుకు మాత్రమే లైబ్రరీ అర నుంచి దాన్ని తీయకూడదు. ఆ తీర్పు మన మీద అమలు కాకపోవచ్చు. కానీ ఒక విద్యార్థి ఆ ప్రశ్న వేసి అంతదాకా వెళ్లాడన్నది నేను ప్రతి కొత్త బ్యాచ్‌కూ చెప్పేదాన్ని.

ఇప్పుడు మీరు అడగని ఒక విషయం చెప్పాలి. బయటివాళ్ల అభ్యంతరాల వల్ల పోయే పుస్తకాలకంటే, మనం ముందే భయపడి కొనకుండా, చూపకుండా ఉంచినవే ఎక్కువ. 1950ల చివర కాలిఫోర్నియాలో మార్జొరీ ఫిస్క్ అనే పరిశోధకురాలు లైబ్రేరియన్లతో మాట్లాడి తేల్చింది ఇదే. ఎవరూ ఫిర్యాదు చేయకముందే, వస్తుందేమోనని తమంతట తామే తగ్గుతున్నారు. నేనూ ఆ పని చేశాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏట లైంగిక ఆరోగ్యం మీద ఒక మంచి వైద్య పుస్తకం వచ్చింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని నా గది వెనకున్న తాళం బీరువాలో పెట్టాను. అడిగితే ఇస్తానని నాకు నేను చెప్పుకున్నాను. ఆరేళ్ల తర్వాత స్టాక్ పరిశీలనలో అది చేతికొచ్చింది. వెనక అట్ట లోపల అంటించిన తేదీ చీటీ కొన్ననాడు ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది. ఒక్క ముద్ర లేదు. పుస్తకం లోపల ఉందని తెలియనివాళ్లు ఎలా అడుగుతారు? తెలిసినా, ఆ పుస్తకం కోసం నా దగ్గరికి వచ్చి పైకి అడిగే ధైర్యం పద్దెనిమిదేళ్ల పిల్లకు ఎక్కడ నుంచి వస్తుంది? ఆ ఆరేళ్లలో అది అవసరమైనవాళ్లు ఎంతమందో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ రోజే దాన్ని ఆరోగ్య విభాగంలో, కంటికి ఎదురుగా ఉండే అరలో పెట్టాను.

మధ్యయుగపు ఐరోపాలో పుస్తకాలను అరలకు ఇనుప గొలుసులతో కట్టేవారు. ఇంగ్లండులోని హెర్ఫర్డ్ కెథడ్రల్‌లో అలాంటి లైబ్రరీ ఇప్పటికీ ఉంది. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిది "పుస్తకాలు ఉపయోగించుకోవడానికే". వినడానికి ఎంత సాదాగా ఉందో! దాన్ని వివరించేటప్పుడు ఆయన గుర్తుచేసింది ఆ గొలుసులనే. తాళం బీరువా కూడా గొలుసే. అడిగితేనే ఇచ్చే అర, గురువుగారి సంతకం ఉంటేనే ఇచ్చే పుస్తకం, కేటలాగులో నమోదు కాకుండా మూల పడి ఉన్న కట్ట, ఇవన్నీ గొలుసులే.

లెస్టర్ ఆషైమ్ అనే గ్రంథాలయ ఆచార్యుడు 1953లో ఒక తేడా చెప్పాడు. దాన్ని నేను బల్ల మీద రాసి పెట్టుకున్నాను. ఎంపిక చేసేవారు పుస్తకాన్ని ఉంచడానికి కారణం వెతుకుతారు, నిషేధించేవారు తీసేయడానికి కారణం వెతుకుతారు. ఎంపిక చేసేవారు పుస్తకాన్ని మొత్తంగా చూస్తారు, నిషేధించేవారు విడి భాగాలను ఏరి చూస్తారు. డబ్బు, చోటు తక్కువ కాబట్టి అన్ని పుస్తకాలూ కొనలేం, నిజమే. అందుకే ఏ ప్రాతిపదికన కొంటామో ముందే కాగితం మీద ఉండాలి: పాఠ్యాంశాల అవసరం, విద్యార్థులు అడిగినవి, ఒకే విషయంపై భిన్నమైన వాదనలు, మంచి రచనగా పేరు. రెండు పేజీలకు మించనక్కర్లేదు. కాలేజీ పాలకవర్గం సంతకం చేయించండి. ఆ కాగితం ఫిర్యాదు రాకముందు ఉండాలి. వచ్చాక రాస్తే సాకులా కనిపిస్తుంది. కాలం చెల్లిన పుస్తకాలను తీసేయడానికీ అందులో ఒక నియమం పెట్టండి. పాత పన్నుల చట్టం, చిరిగిన ప్రతి, పదేళ్లుగా ఎవరూ ముట్టని నాలుగో ప్రతి తీయడం శుభ్రం చేయడం. గొడవ జరుగుతున్న వారంలోనే, శుభ్రం చేస్తున్నామన్న పేరుతో గొడవకు కారణమైన పుస్తకాన్ని తీయడం మాత్రం అబద్ధం.

విద్యార్థులు రావడం లేదన్న మీ మొదటి బాధ దగ్గరికి వస్తాను. కార్యక్రమాల గురించి ఆలోచించేముందు ఒక రోజంతా మీ లైబ్రరీని విద్యార్థిలా చూడండి. తలుపు ఎన్నింటికి తెరుస్తారు, ఎన్నింటికి మూస్తారు? తరగతులు ముగిసేవేళకే మూసేస్తే, చదివే స్వేచ్ఛ గోడ మీద రాసుకుని ఏం లాభం? నేను చేసిన పనుల్లో దేనికీ రానంత ఫలితం, రెండు గంటలు ఆలస్యంగా మూయడం వల్ల వచ్చింది. రెండోది జరిమానా. గడువు దాటిన జరిమానాకు భయపడి లైబ్రరీకే రావడం మానేసినవాళ్లు ప్రతి కాలేజీలో ఉంటారు. 2019లో షికాగో నగర గ్రంథాలయం గడువు జరిమానాలను పూర్తిగా ఎత్తివేసింది. పోయిన పుస్తకానికి బదులు పుస్తకం అడగండి, ఆలస్యానికి మాత్రం గుర్తుచేసే సందేశం చాలు. అది కూడా పుస్తకం పేరు లేకుండా, "మీరు తిరిగి ఇవ్వవలసిన పుస్తకం ఒకటి ఉంది" అని.

మీ దగ్గర లేని పుస్తకాన్ని మరో లైబ్రరీ నుంచి తెప్పించే ఏర్పాటు ఉందా? ఉంటే విద్యార్థులకు తెలుసా? అది ఉందని ఒక్క చిన్న బోర్డు పెట్టినందుకే మా దగ్గర అడిగేవాళ్లు పెరిగారు. చూపు తక్కువైనవాళ్ల సంగతి మరీ మరీ చెబుతున్నాను. అచ్చు చదవలేనివారి కోసం హక్కుదారు అనుమతి కోసం ఎదురుచూడకుండా పుస్తకాన్ని అందుబాటు రూపంలోకి మార్చేందుకు, దేశాల మధ్య పంచుకునేందుకు 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరింది. అది 2016 సెప్టెంబర్ 30 నుంచి అమల్లో ఉంది, దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం భారతదేశం. వినే పుస్తకం, పెద్ద అక్షరాల ప్రతి, తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉన్న ఒక కంప్యూటర్, ఇవి లేని లైబ్రరీలో కొంతమందికి ప్రతి పుస్తకమూ నిషేధానికి గురైన పుస్తకమే.

అరల అమరిక కూడా చూడండి. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు ఇచ్చే డ్యూయీ వర్గీకరణ సంప్రదాయంగా మతాలకు కేటాయించిన 200ల్లో 220 నుంచి 280 వరకు క్రైస్తవానికి ఇచ్చి, మిగతా ప్రపంచ మతాలన్నింటినీ 290లో కుక్కింది. నంబర్లు మార్చడం మన చేతిలో లేకపోయినా, అరల మీద పేర్ల పట్టీలు, బల్ల మీది ప్రదర్శనలు, కేటలాగులో విషయపదాలు మన చేతిలోనివే. విద్యార్థి ఏ మాటతో వెతుకుతాడో ఆ మాట కేటలాగులో ఉండాలి.

ఇక కార్యక్రమాలు. మొదటి నియమం, హాజరు తప్పనిసరి చేయకండి. బలవంతంగా కూర్చోబెట్టిన సభలో ఎవరూ పుస్తకాన్ని ప్రేమించరు. చదివే స్వేచ్ఛలో చదవకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉంది. ఆరుగురు వచ్చినా పరవాలేదు, వచ్చే నెల ఆ ఆరుగురూ మళ్లీ వస్తే అది విజయం. అతిథి ప్రసంగం, దండలు, ఫోటోలతో ముగిసే సభలు నేనూ చాలా చేశాను. మరుసటి రోజు ఇష్యూ రిజిస్టర్‌లో వాటి ఆనవాలు కనిపించలేదు. పని చేసినవి చిన్నవే. వారానికి ఒక మధ్యాహ్నం ఎవరైనా తమకు నచ్చిన పుటను గట్టిగా చదివి వినిపించడం. పుస్తకాలకు కాగితం చుట్టి, పేరు రాయకుండా, లోపల ఏముందో మూడు మాటల్లో రాసి బల్ల మీద పెట్టడం. డెన్మార్క్‌లో 2000లో మొదలైన మానవ గ్రంథాలయం పద్ధతిలో, తమ జీవితం గురించి చెప్పడానికి ఒప్పుకున్న మనుషులతో ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం. ఈ చివరిదాన్ని తేలికగా తీసుకోకండి. వచ్చేవారిని ముందే కలిసి, ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పనవసరం లేదని వాళ్లకు భరోసా ఇవ్వాలి.

నిషేధిత పుస్తకాల ప్రదర్శన మానుకోవద్దు, పెట్టే తీరు మార్చండి. అమెరికాలో 1982 నుంచి ఏటా అలాంటి వారోత్సవం జరుగుతోంది. అక్కడా ఇక్కడా కనిపించే లోపం ఒకటే. ఎర్రటి అక్షరాలతో "నిషేధం" అని అంటించి వదిలేస్తారు. అది కుతూహలాన్ని రేపుతుంది, ఆలోచనను కాదు. ప్రతి పుస్తకం పక్కన ఒక చిన్న కార్డు ఉండాలి. ఎక్కడ, ఏ సంవత్సరంలో, ఎవరు, ఏ కారణం చెప్పి నిషేధించారు, తర్వాత ఏమైంది. నిషేధించినవాళ్లు చెప్పిన కారణాన్ని వక్రీకరించకుండా, వాళ్ల మాటల్లోనే పెట్టండి. అప్పుడు ఆ తండ్రి లాంటివారు వచ్చినా, ఇక్కడ తమను ఎగతాళి చేయడం లేదని గ్రహిస్తారు. రోమన్ కాథలిక్ చర్చి నిషిద్ధ గ్రంథాల జాబితాను 1559లో వెలువరించి, 1966లో ఎత్తివేసింది. నాలుగు వందల ఏళ్లకు పైగా నడిచిన జాబితా అది. ఇలాంటి ఒక్క వివరం పది నినాదాల పని చేస్తుంది.

మేము ఒక ఏడాది ఒక ర్యాకు మొత్తం ఖాళీ చేసి, తుడిచి, చదువు గది మధ్యలో పెట్టాం. దాని మీద ఒకే కార్డు. 1933 మే 10న బెర్లిన్‌లోని ఒక కూడలిలో వేల పుస్తకాలను తగలబెట్టారని, ఆ పని ముందుండి నడిపించింది విశ్వవిద్యాలయ విద్యార్థులేనని, ఇప్పుడు అక్కడ నేల కింద గాజు పలక అడుగున ఖాళీ తెల్ల అరల గది ఒకటి స్మారకంగా ఉందని, అందులో 20,000 పుస్తకాలు పట్టే చోటు ఉందని రాశాం. మొదటి రెండు రోజులు అందరూ దాన్ని తప్పుకుని నడిచారు. మూడో రోజు ఒక కుర్రవాడు చాలాసేపు దాని ముందు నిలబడి, నా దగ్గరికి వచ్చి, "తగలబెట్టినవాళ్లు కూడా మా వయసువాళ్లేనా?" అని అడిగాడు. అవునన్నాను. వెళ్లి ఆ కార్డు మళ్లీ చదివాడు. వారం చివర ర్యాకులోకి పుస్తకాలు తిరిగి సర్దడానికి పిలవకుండానే పదకొండు మంది వచ్చారు.

మీ సంగతికి వస్తే, రేపు ఉదయం లైబ్రరీ తెరిచాక చేయవలసిన పని వరస చెబుతాను. ముందు నేను పైన రాసిన అయిదు వాక్యాల కాగితం సిద్ధం చేసి ప్రిన్సిపల్ గారి గదికి వెళ్లండి. తిరిగి వచ్చాక సాఫ్ట్‌వేర్‌లో చరిత్ర సెట్టింగు మార్చే పని మొదలుపెట్టండి. అయితే పాత వివరాలను చెరపడం మాత్రం ఒక నియమంగా, అందరికీ, పాలకవర్గం ఆమోదంతో, తేదీ వేసి చేయండి. అడిగిన మరునాడే ఈ ఒక్క ప్రదర్శన వివరాలు చెరిపేస్తే మీరు ఏదో దాస్తున్నారన్న నింద వస్తుంది. మీ దగ్గర దాచవలసిన తప్పేమీ లేదు, కాపాడవలసిన పేర్లు ఉన్నాయి, అంతే. నోటీసు బోర్డు మీద గడువు జాబితా ఉంటే ఇప్పుడే తీసేయండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ తర్వాత ఆ రెండు పుస్తకాలు అరలో తమ చోట ఉన్నాయో లేదో ఒకసారి వెళ్లి చూడండి. లేకపోతే ఎవరో చదువుతున్నారన్నమాట. గడువు తేదీ వరకు ఆగండి, వాళ్లను పిలిచి అడగవద్దు.